అటు పక్క చెయ్యి

పోయిన నెల అక్క పోయింది. జ్వరం ముదిరితే ఖమ్మం దవాఖానాలో చేర్చారు. తెల్లారి మొదటి బస్సులో వచ్చిన మనిషి చేత బావగారు కబురు పంపారు. అప్పుడు నేను మిరపచేనులో ఉన్నాను. కోసి ఒడిలో వేసుకున్న కాయలు ఒడిలోనే ఉన్నాయని ఇంటికొచ్చాక గాని చూసుకోలేదు.

అక్క నాకు తోబుట్టువు కాదు. మా ఆయన అన్నగారి భార్య, మా వైపు మాటలో యారాలు. యారాళ్లకు పొత్తు కుదరదని మీరూ వినే ఉంటారు. ఆమెదేమో ముక్కు మీద కోపం. కూరలో ఉప్పు తగ్గితే ఉప్పు అమ్మినవాణ్ణి కూడా తిట్టేది. తిట్టిన నోటితోనే "ఇంకో ముద్ద తినరాదే" అనేది. తల్లి లేని పిల్లనై ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాకు ఆ రెండో మాటే ఎక్కువగా వినిపించేది.

ఎడ్ల జత అమ్మే విషయంలో అన్నదమ్ములకు చెడింది. ఇల్లు రెండు చేసుకుందామన్నారు. వాళ్లతో పాటు మేమిద్దరమూ మాటలు మానేశాం. మన మధ్య తగాదా ఏముందని మాలో ఎవరమూ అడగలేదు. అప్పటికే నాకు నెల తప్పింది. ఆ సంగతి మొదట చెప్పాల్సింది అక్కకే. చెప్పకుండానే నడుమ గోడ లేచే రోజు వచ్చింది. ఇక నాకు పురుడు ఎవరు పోస్తారన్న దిగులు లోపల తినేస్తోంది.

మాది అడవి అంచు ఊరు, అప్పట్లో ఇటుక గోడల ఊసే లేదు. గుంజలు పాతి, వెదురు తడిక కట్టి, గడ్డి కలిపి తొక్కిన ఎర్రమట్టి మెత్తడమే. దానికి ఇద్దరు కావాలి. ఇటు ఒకరు ముద్ద ఒత్తుతుంటే, అదే చోట అటు పక్క నుంచి ఇంకొకరు ఒత్తాలి. అప్పుడే రెండు ముద్దలూ తడిక సందుల్లో కలిసి నిలుస్తాయి. పుట్టినప్పటి నుంచి చూస్తున్న ఈ సంగతి పంతంలో అన్నదమ్ములకు గుర్తే రాలేదు. పొద్దున మా ఆయన తన పక్క మెత్తి చేనుకు పోయాడు. మట్టంతా అటు జారింది. తర్వాత బావగారు తన పక్క మెత్తారు. అది ఇటు జారింది. నా ఇంట్లో మట్టి పోశావంటే నా ఇంట్లో పోశావని ఇద్దరూ మళ్లీ అరుచుకున్నారు. చివరికి కుచ్చిళ్లు ఎగదోపుకుని అటు అక్క, ఇటు నేను నిలబడ్డాం.

మాటలు లేవు కదా, అక్క తడిక మీద తట్టేది, ఆ తట్టిన చోట నేను ఒత్తేదాన్ని. కింది వరసలు అట్లాగే అయ్యాయి. నడుము ఎత్తు దాటాక అక్క పైన తడుతూనే ఉంది, నేను మాత్రం కిందనే ఒత్తుతున్నాను. తొలి నెలల్లో చేతులు పైకెత్తి బరువు పని చెయ్యొద్దని పెద్దవాళ్లు అనేవారు. నాకు అదే భయం. కాసేపటికి ఆ తట్టడం ఆగిపోయింది.

"ఎన్నో నెలే?" అంది అక్క.

చెప్పాను. చెబుతుంటే ఏడుపొచ్చింది.

"గిట్ల ఉండి మట్టి తొక్కుతవా, పిచ్చిదానా? పో, పోయి కూసో."

అన్నదమ్ములిద్దర్నీ చేలల్లోంచి పిలిపించి, చెరో పక్క నిలబెట్టి, తిడుతూ తిడుతూ పైదాకా మెత్తించింది. నా మంచం తలాపున జానెడు చోట మాత్రం మట్టి పెట్టనివ్వలేదు.

"గిది గిట్లనే ఉండాలె. నొప్పులొస్తే నువ్వు పిలిస్తే నాకు ఇనబడాలె" అంది.

ఒక మధ్యాహ్నం పిలిచాను. మంత్రసాని కంటే ముందు అక్కే వచ్చింది. నా కూతురు మొదట పడింది ఆమె చేతుల్లోనే. ఆ తర్వాత ఆ సందులోంచి చింతపండు, అగ్గిపెట్టె, తిట్లు, అన్నీ ఇటు వచ్చేవి. అన్నదమ్ములు కలిశాక గోడ తీసేద్దామన్నారు గాని అక్క ఒప్పుకోలేదు. "గోడ ఇంటికే, మనకు కాదు" అనేది. ఏటా వానలు వెనకపట్టాక అటూ ఇటూ నిలబడి గోడ మెత్తుకుంటూ ఊళ్లో సంగతులన్నీ చెప్పుకునేవాళ్లం. అమ్మ ఉంటే ఎట్లా ఉండేదో నాకు తెలియదు. అక్క ఉండగా తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు.

కర్మలయ్యాక ఇల్లు అలుకుతుంటే గోడకు ఒక చోట మట్టి ఊడి తడిక కనబడింది. ముద్ద కలిపి ఒత్తాను. అలవాటు కొద్దీ "అటు పట్టు అక్కా" అన్నాను. ముద్ద సందుల్లోంచి జారి, అక్క మంచం ఉండే చోట నేల మీద పడిన చప్పుడు ఇటు వినిపించింది.