వలిచినవాళ్ల వాటా

నంద్యాలలో నా ఉద్యోగం పక్కవాళ్ల బస్తాల్లో తప్పులు వెతకడం. రైతులు, వ్యాపారులు తెచ్చే వేరుశనగ గింజల్ని పొడి చేసి, మందునీళ్లలో గిలకొట్టి, అందులో సన్నని పట్టీ ముంచుతాను. రెండు గీతలు పడితే సరుకు మంచిది. ఒక్క గీతే పడితే బూజు పుట్టించిన విషం మితిమీరి ఉన్నట్టు. దాని పేరు అఫ్లాటాక్సిన్. కంటికి కనపడదు, వేయించినా పోదు. తిన్న రోజు ఏమీ చేయదు, ఏళ్ల తరబడి కాలేయాన్ని కొరుక్కు తింటుంది.

ఒక్క గీత పడిన రైతును కసురుకునేదాన్ని. "తడి కాయలు గోతంలో ఎందుకు పోసినావన్నా? ఎన్నిసార్లు చెప్పల్ల నీకు?" అని. నా నోరు మంచిది కాదు, ఒప్పుకుంటాను.

అమ్మ ఆళ్లగడ్డలో ఉండేది. మా వైపు వేరుశనగను బుడ్డలంటాం. విత్తనాల కాలం రాగానే రైతులు బుడ్డలు తెచ్చి మా పంచలో పోసేవాళ్లు. మిషన్లో వేస్తే గింజ చిట్లి మొలవదని అమ్మా, ఇంకో ముగ్గురు ఆడవాళ్లూ చేత్తో వలిచేవాళ్లు. ఎండు కాయకు వేళ్లు పగులుతాయి కాబట్టి ముందురోజే నీళ్లు చల్లి గోనెపట్ట కప్పేవాళ్లు. తెల్లారేసరికి తొక్క మెత్తబడేది. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు పట్టినవి విత్తనానికి పనికిరావు. అవి వలిచినవాళ్ల వాటా. మా అవ్వ కాలం నుంచీ అదే రివాజు. ఆ చెమ్మతోనే అవి డబ్బాల్లోకి పోయేవి.

నెలకోసారి అమ్మ నాకు వేయించిన బుడ్డలు పంపేది. "ఊరందరికీ టెస్టులు చేస్తావు, మీ అమ్మ పంపినవాటికి లేదా?" అని ఆఫీసులో ఎగతాళి చేశారు ఒకరోజు. పౌరుషానికి పోయి అప్పటికప్పుడే చేశాను. రెండు గీతలు! ఆ పట్టీని అందరికీ తిప్పి చూపించాను. అమ్మ తనేం తింటోందో అడగాలని మాత్రం తోచలేదు. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, నేను రచ్చలోనే ఊరేగాను.

ఆ వానాకాలం అమ్మ కళ్లు పచ్చబడ్డాయి. అన్నం సహించలేదు. నంద్యాలకు తెచ్చి చూపిస్తే కాలేయం గట్టిపడిపోయిందన్నాడు డాక్టరు. నేను బూజు సంగతి అడిగాను. "అదొక్కటే కారణమని చెప్పలేనమ్మా. కానీ బూజు గింజ ఇంక ఒక్కటి కూడా ఆమె నోట్లో పడకూడదు" అన్నాడు.

అమ్మను ఇంటికి తీసుకెళ్లిన రోజే వంటింట్లో ఆమె డబ్బా మూత తీశాను. రోజూ ఆఫీసులో ముక్కుకు తగిలే వాసనే. సంచిలో తెచ్చుకున్న సామానుతో అక్కడే పరీక్ష చేశాను. ఒక్క గీతే పడింది. గుమ్మంలో వెలుతురుకు పట్టి చూశాను, రెండోది రాలేదు.

"ఇవా అమ్మా, నువ్వు తినేది?"

"తినక? పంటను పారేసేకి మనసెట్లొస్తాది?"

"ఇసమమ్మా ఇది!"

"ఏందీ ఇసం? మాడేట్టు ఏంచుతా. నిప్పుల మీద పడినాక ఇంకేం మిగుల్తాది? నీకు పంపేటివి మంచివే లే. కూలి బదులు ఒక శేరు మంచి గింజలు ఇమ్మని అడిగి తీసుకుంటా."

నాకు ఒళ్లు మండిపోయింది. జబ్బుతో ఉన్న మనిషని కూడా చూడకుండా "నీకు బుద్ధుందా?" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తుంది.

"కొంచెం సేదుంటాది, అంతే. ఇన్నేండ్లు తింటాండా" అంటూ అమ్మ రొట్టెలోకి నాలుగు గింజలు తీసుకోబోయింది. నేను డబ్బా లాక్కుని గుప్పెడు నా నోట్లో పోసుకున్నాను. నాలుక మొద్దుబారేంత చేదు.

లేచి నిలబడడానికి ఓపిక లేని మనిషి ఒక్క దూకులో వచ్చి నా దవడ పట్టుకుంది. "ఉమ్మెయ్ పాపా, ఉమ్మెయ్! నీకేం ఖర్మే ఇవి తినేకి!"

"కొంచెం సేదే కదమ్మా" అన్నాను నోటినిండా గింజలతోనే.

వేలు పెట్టి ఒక్కో గింజా బయటికి తీసింది. చెంబుతో నీళ్లిచ్చి మూడుసార్లు పుక్కిలింపించింది. ఆ తర్వాత పెరట్లోకి పోయి, గడ్డపారతో తనే గుంట తీసి డబ్బా అందులో బోర్లించింది. కోళ్లు కెలుకుతాయని మట్టి కప్పి రాయి పెట్టింది. నేను చేస్తానంటే గడ్డపార ఇవ్వలేదు. వచ్చి గోడకానుకుని కూర్చుని చాలాసేపు రొప్పింది. నేను ఏడ్చాను.

అమ్మ మళ్లీ విత్తనాల కాలం చూడలేదు.

దినాలైన మర్నాడు, ఆమెతో కలిసి వలిచిన ముగ్గురు ఆడవాళ్లూ ఇంటికొచ్చారు. పెద్దామె కొంగు చాటునుంచి గుడ్డమూట తీసి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే ముడుచుకుపోయిన నల్ల గింజలు.

"కడాసారి వలిచినప్పుడు మీయమ్మ వాటా నా కాడే ఉండిపాయె పాపా. ఒకరిది మనం ఉంచుకోగూడదు గదా" అంది.

బస్తాలు తెచ్చిన మగవాళ్లనందరినీ కసిరిన నోరు నాది. ఆరోజు ఎవరినీ కసరలేదు. ఆమె చేతులు పట్టుకున్నాను.

"మీ వాటాలు యాడుండాయి పెద్దమ్మా? అవీ తెండి" అన్నాను.

ఎందుకని అడగకుండానే తెచ్చారు. పెరట్లో రాయి పక్కకు జరిపి, మట్టి తోడి, నాలుగు వాటాలూ అమ్మ తీసిన గుంటలోనే పోశాను.