ఏ బిడ్డ రక్తం?

అఫ్జల్‌గంజ్‌లో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి రెండు కాగితాలు నా ఒళ్లో పెట్టింది. ఆమె ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది. "అక్కా, ఇంగ్లీషుల ఉన్నయ్. జర చదువు."

బయటి ల్యాబు ఇచ్చిన రక్తపరీక్ష రిపోర్టులవి. అలాంటివాటిని రోగుల కేసుషీట్లలోకి ఎక్కించడమే ఆసుపత్రిలో నా ఉద్యోగం. ఒకదాంట్లో టైఫాయిడ్ ఉంది, రెండోదాంట్లో లేదు అని చెప్పాను.

"టైఫాయిడ్ నాకా, మా చెల్లెకా?"

మళ్లీ చూశాను. రెండిటి మీదా ఒకే మాట: నర్సయ్య కూతురు.

"ఫికర్ చెయ్యకు. తండ్రి పేరుంటే ఆసుపత్రిల ఈ కాగితాలు తీసుకుంటరు," అన్నాను. మా దగ్గర అదే పద్ధతి.

"తీసుకుంటరు సరే. మందు ఎవలకిస్తరు? ఇది ఏ బిడ్డ రక్తం?"

కాగితాలు వెనక్కి తిప్పి చూశాను. ఆమె కాగితాలు లాక్కుని లేచి నిలబడింది. "రోకో భాయ్!"

"టికెట్ శాలిబండ దాంక ఉంది గదమ్మా!" అన్నాడు కండక్టర్.

"ఉంటే ఉండనీ. మా పేర్లు రాసిచ్చేదాంక ఆ ల్యాబు గడప దిగను."

నయాపూల్ దాటగానే దిగి, మండుటెండలో వంతెన మీదుగా వెనక్కి నడిచింది.

మర్నాడు మా సూపరింటెండెంటు అలాంటి కాగితమే ఒకటి నా బల్ల మీద పడేశాడు. "తండ్రి పేరు కలిసింది గదా, ఎక్కించు."

కాగితాన్ని ఆయన వైపే తోశాను.

"ఏ బిడ్డ రక్తం సార్? అది తెలిసేదాంక ఎక్కియ్యను."