జేడ్ రాతి అమ్మవారికి కట్టిన ముడుపు

కరోనా వచ్చిన ఏడు నేను దుబాయ్‌లో, ఇంటర్నేషనల్ సిటీలో ఒక చైనా మేడమ్ ఇంట్లో పనిచేస్తున్నాను. మా ఆయనది అల్ ఐన్‌లో ఖర్జూరం తోట పని. ఆయనకు జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చారని తోటివాళ్లు ఫోన్ చేశారు. పరుగెత్తుకు వెళ్దామంటే అటు దారులు మూసేశారు. వెళ్లినా లోపలికి రానివ్వరట.

మేడమ్ హాల్లో జేడ్ రాతితో చెక్కిన అమ్మవారు ఉండేది. జానెడు ఎత్తు, లేత ఆకుపచ్చ రంగు, చేతిలో చిన్న కూజా, సగం మూసిన కళ్లు. బౌద్ధుల దేవత, పేరు గ్వాన్‌యిన్. లోకంలో ఎవరు ఏడ్చినా వింటుందని మేడమ్ ఫోన్‌లో హిందీలోకి మార్చి వినిపించింది. వినేదైతే చాలు, ఏ దేశపు దేవతైతే నాకేం?

ఊళ్లో ఉన్న మా అత్తకు ఫోన్ చేశాను.

"ముడుపు కట్టేవా అమ్మాయ్? ముందా పని చూడు. ఆడు లేచి తిరిగేదాకా ముడి ఇప్పకూడదు మరి" అంది. ఏ అమ్మవారికని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

తెల్లగుడ్డ పసుపులో తడిపి, రూపాయి బిళ్ల దొరక్క దిర్హం బిళ్ల మూటగట్టి, ఆయన్ని బతికించమని మొక్కి ఆ రాతి చేతికి కట్టాను.

తర్వాత ఒక పొద్దున చూస్తే వంటింటి గట్టు మీద నా గుడ్డ. సబ్బుతో ఉతికి, ఇస్త్రీ చేసి, మడత పెట్టి ఉంది. దాని మీద దిర్హం బిళ్ల.

"తుమ్ భూల్ గయా" అంది మేడమ్ నవ్వుతూ. నేను మరిచిపోయిన వస్తువనుకుంది పాపం. అమ్మవారి చేతికంటిన పసుపు మరక కూడా తోమేసింది. ముడుపంటే ఏమిటో నాకొచ్చిన హిందీలో ఎలా చెప్పను? షుక్రియా అన్నాను.

ఆ సాయంత్రమే ఆయన పోయాడని కబురొచ్చింది. కడసారి చూపు కూడా దక్కలేదు.

ముడి విప్పితే మనిషి పోడు. ఆ మాత్రం నాకు తెలుసు. తెలిసినా మేడమ్‌ని చూస్తే ఒళ్లు మండేది. ఆ అమ్మవారిని చూస్తే ఇంకా మండేది. భుజాల దాకా చెవులు చెక్కారు, ఎందుకట?

మేడమ్ తన దేశం వెళ్లిపోతూ ఆ బొమ్మను తువ్వాలులో చుట్టి నా చేతుల్లో పెట్టింది. "ఘర్ మే రఖో", ఇంట్లో పెట్టుకో అని ఏడ్చింది. రెండు చేతులా అందుకున్నాను.

ఇప్పుడు షార్జాలో, అల్ నహ్దాలో నా మంచం పక్కన ఉంది. రోజూ దుమ్ము తుడుస్తాను. మొక్కడానికి మనసు రాదు, పారేయడానికి చేయి రాదు. ఆయన్ని ఇమ్మంటే ఆవిడే వచ్చి కూర్చుంది.