ఇరవై రెండడుగుల పిచ్చి

మాచర్లలో క్రికెట్టు పుట్టింది నా చేతుల మీదుగానే. పుట్టిన మూడో నెలలో దాని గొంతు పిసకబోయింది కూడా ఈ చేతులే. ఊరు ఊరంతా చూస్తుండగా, డ్యామ్ ఇంజనీర్ల ముందు, పట్టపగలు. నవ్వుకుంటానంటే నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. మధ్యలో ఒక్కసారన్నా "పాపం" అంటే చాలు.

సాగర్ డ్యామ్ కడుతున్న రోజులవి. నేను గుంటూరు కాలేజీలో బి.ఏ. శుభ్రంగా తప్పి, పెట్టె పుచ్చుకుని మాచర్ల స్టేషన్లో దిగాను. మా ఊరు దాటి రైలు పోదు. నా చదువూ పోలేదు. దిగీదిగగానే హైస్కూలు హెడ్మాస్టరు దేవదానం గారు ఎదురుపడ్డారు. నాకు ఎక్కాలు నేర్పిన మనిషి.

"ఏరా, మూడేళ్ళు గుంటూర్లో ఏం వెలగబెట్టావు?"

నిజం చెప్పాలంటే కాలేజీ ప్రహరీగోడ మీద కూర్చుని వేయించిన శనక్కాయలు తిన్నాను. ఆ గోడకి అవతల క్రికెట్ ఆడేవాళ్ళు. ఆ మాట గురువుగారితో ఎట్టా అంటాం?

"క్రికెట్ ఆడానండీ," అన్నాను.

గోడకి ఇవతల, అవతల అన్న చిన్న తేడానే కదా అనుకున్నాను. ఆయన మొహం మాత్రం పెట్రోమాక్స్ లైటులా వెలిగిపోయింది.

"ఒరేయ్, దేవుడే పంపించాడు నిన్ను! ఊళ్ళో కుర్రకారంతా పేక ముక్కలు పట్టుకుని పాడైపోతన్నారు. నాకా, వాలీబాల్ తప్ప ఇంకోటి తెలీదు. నువ్వొక క్లబ్బు పెట్టు. మన బడి గ్రౌండు వాడుకో. పెద్దవాళ్ళకి ముందు నేర్పి, తర్వాత బడిపిల్లలకి నేర్పు. బాగా నడిపితే డ్రిల్ మాస్టారు ఉద్యోగానికి నీ పేరు రాస్తా."

ఉద్యోగం అనగానే నా వెన్నెముక దానంతటదే నిటారుగా అయింది. ఆ సాయంత్రానికే నడవడం కూడా కెప్టెన్లా నడుస్తున్నాను.

ఇంటికెళ్ళి, "అమ్మా, గ్రౌండులో పిచ్ వేయిస్తన్నా," అన్నాను.

"అది నీకు ముందు నించీ ఉన్నదేగా," అంది మా అమ్మ, చేటలో బియ్యం మీంచి తలెత్తకుండా.

గట్టి పిచ్ మంచిదని గోడ మీద ఉండగా ఎవరో అంటుంటే విన్నాను. మాచర్లలో నాపరాయి కన్నా గట్టిది మా అమ్మ మాట ఒక్కటే. అది పరిచేందుకు పనికిరాదు కాబట్టి, నాపరాళ్ళ వ్యాపారి మస్తాన్ సాహెబు దగ్గరికి పోయాను. ఎద్దు మోయలేని రాయిని ఒంటిచేత్తో నిలబెట్టే మనిషి. మాకంటే పదేళ్ళు పెద్ద, అందరం మస్తానన్నా అనేవాళ్ళం.

"క్లబ్బుకి రాళ్ళు నేనిస్తా, ఊరికి మంచి పనేగా. నన్ను బౌలర్ని చేస్తావా మరి?" అన్నాడు.

"నువ్వే మెయిన్ బౌలరు."

"సరే. పొడవెంత?"

"ఇరవై రెండు."

"అడుగులేగా?"

చూశారూ, ఇదిగో ఇక్కడ. నా జీవితంలో ఈ ఒక్క క్షణం వెనక్కి ఇప్పిస్తే చాలు, మిగతా తప్పులన్నీ నేనే ఉంచుకుంటాను. కాలేజీలో ఎవడో "ట్వంటీ టూ" అంటుంటే విన్నానే గానీ, ట్వంటీ టూ ఏందో వాడు చెప్పలేదు, నేను అడగలేదు. ఆ గోడ మీంచి చూస్తే పిచ్ నా చేతిలో ఉన్న శనక్కాయంత కనపడేది. తెలీదని చెబితే డ్రిల్ మాస్టారు ఉద్యోగం గోవిందా.

"అడుగులు కాక మరేముంటయ్యన్నా!" అని నవ్వాను. నవ్వు బాగానే కుదిరింది.

మస్తానన్న పనిమంతుడు. వానొస్తే నీళ్ళు నిలవకుండా అడుగు ఎత్తున పునాది కట్టి, పైన నున్నటి నాపరాళ్ళు పరిచి, వికెట్లు గుచ్చేందుకు రాతికి బెజ్జాలు కూడా తొలిచాడు. ఇరవై రెండడుగులు, వెంట్రుకవాసి తేడా లేదు. ఊరంతా వచ్చి చేత్తో తడిమి చూసి పోయింది.

ఆట మొదలుపెట్టాం. రబ్బరు బంతి. సోడాకొట్టు కోటయ్య మా బ్యాట్స్‌మన్. సోడాలు కొట్టీ కొట్టీ వాడి మణికట్టు ఉక్కులా ఉండేది. మస్తానన్న ఆ చివర నిలబడి చెయ్యి తిప్పాడంటే ఆయన గోళ్ళు కోటయ్య ముక్కుకి అంగుళం దూరంలోంచి పోయేవి.

"ఏందన్నా ఇది, మరీ ఇంత దగ్గరా?" అన్నాడు కోటయ్య మొదటిరోజే. "బాలు కంటే ముందు మస్తానన్న నమిలిన వక్కపొడి వాసన వస్తంది."

"అదే టెక్నిక్కు. బౌలర్ కళ్ళలోకి చూసి ఆడాలి," అన్నాను గంభీరంగా.

"కళ్ళలోకి కాదన్నా, కొండనాలిక దాకా కనపడతంది."

అయినా వాడు ఆడాడు. మనుషులు దేనికైనా అలవాటు పడతారు. రెండు నెలలు తిరిగేసరికి బంతి మస్తానన్న చేతిలోంచి ఊడకముందే కోటయ్య బ్యాటు ఊపడం అయిపోయేది. ఇక పరుగులంటారా, ఆ చివర నించి ఈ చివరకి నాలుగు అంగలు. ఒకసారి బంతి బడి గోడ దాటి బుడబుక్కలాయన జోలెలో పడింది. ఆయన ఇవ్వనంటే ఇవ్వనని భీష్మించాడు. ఆ బేరం తేలేలోపు కోటయ్య ముప్ఫై ఆరు పరుగులు తీసి, దాహమేసి ఆపాడు. ఆ పూట వాడి మొత్తం మూడొందల పన్నెండు.

ఈ మూడొందల పన్నెండే నా నెత్తికెక్కింది. డ్యామ్ దగ్గర ఇంజనీర్లకి ఒక క్రికెట్ టీము ఉందని, నిజం బ్యాట్లూ ప్యాడ్లూ ఉన్నాయని విన్నాను. వెంటనే వాళ్ళకో ఉత్తరం రాశాను. "మా క్లబ్బులో ఒకే మధ్యాహ్నం మూడు వందల పన్నెండు పరుగులు చేసిన వీరుడు కలడు. మీకు ధైర్యమున్నచో వచ్చి తలపడగలరు." ధైర్యమున్నచో అన్న మాట కింద గీత కూడా గీశాను. ఏం చేస్తాం, వయసు.

జవాబు వారంలో వచ్చింది. ఆదివారం వస్తున్నామనీ, ఆట బాగుంటే మా క్లబ్బుకి ఒక కిట్టూ, పీచుతో నేసిన పిచ్ చాపా ఇచ్చి, బడిపిల్లలకి నేర్పడానికి మనుషుల్ని పంపుతామనీ రాశారు. అది చదివి దేవదానం మాస్టారు నన్ను కౌగిలించుకున్నారు. ఉద్యోగం నా జేబులో గలగలలాడుతున్నట్టే అనిపించింది.

ఆదివారం పొద్దున రెండు జీపులూ ఒక లారీ వచ్చాయి. వీరుణ్ణి ఎదుర్కోడానికి వాళ్ళు ఉన్నవాళ్ళలో గట్టివాళ్ళని ఏరి తెచ్చుకున్నారు. కెప్టెన్ శేషాద్రి గారు మద్రాసు మనిషి. తెలుగు ఒక్కో మాటా తూచి మాట్లాడతాడు. గ్రౌండంతా కలయజూసి, మా నాపరాళ్ళ కట్టడం దగ్గర ఆగాడు.

"స్టేజి చాలా బాగా కట్టించారు," అన్నాడు. "పిచ్ ఎక్కడ?"

పక్కన దేవదానం మాస్టారు చేతులు కట్టుకుని, "మా కుర్రాడే కట్టించాడండీ. నేను కూడా మొదట్లో అదే అనుకున్నా, వార్షికోత్సవానికని..." అని ఏదో చెప్పబోతున్నారు.

"స్టేజేనండీ!" అని అరిచాను. "పిచ్ మీ ఇష్టం, ఎక్కడంటే అక్కడ!"

వాళ్ళు లారీలోంచి పొడుగాటి చాప దింపి గ్రౌండు నడిమధ్య పరవడం మొదలుపెట్టారు. పరిచారు, పరిచారు, ఇంకా పరుస్తూనే ఉన్నారు. మూడు నెలలు ఏ సంగతి తెలుసుకోడానికి నేను భయపడ్డానో, అది చాపలా విప్పుకుంటూ పోతోంది. రెండు చివర్లా వికెట్లు పాతారు. కోటయ్య నా చొక్కా పట్టుకుని గుంజాడు.

"అన్నా, ఆ చివర వికెట్లు ఎవరివి? ఇంకో మ్యాచేమన్నా జరుగుతందా?"

"నోర్ముయ్. ఇది పెద్ద సైజు. కొంచెం సర్దుకుని ఆడు."

"సర్దుకోడానికి అక్కడున్న మనిషి మొహం కూడా ఆనడం లేదుగా!"

మేం ముందు బ్యాటింగు. కోటయ్య దిగాడు. ఊరంతా ఈలలు. అటు నించి బౌలరు పరిగెత్తుకొచ్చి బంతి వేశాడు. వాడి చెయ్యి లేవగానే కోటయ్య అలవాటు ప్రకారం బ్యాటు ఊపేశాడు. బంతి ఇంకా సగం దారిలో ఉంది. రాలేదేమిటా అని రెండోసారి ఊపాడు. మూడోసారి ఊపి, విసుగొచ్చి బౌలర్ వంక చూస్తుంటే, ఆ బంతి వచ్చి బ్యాటుకి తగిలి, దానంతటదే పక్కకి దొర్లిపోయింది.

"పరుగు!" అని అరిచాను. అదే నేను చేసిన ఆఖరి కెప్టెన్ పని.

కోటయ్య ముందుకి నాలుగు అంగలు వేశాడు. గిర్రున తిరిగాడు. వెనక్కి నాలుగు అంగలు. "రెండూ!" మళ్ళీ ముందుకి. "మూడూ!" అవతలి బ్యాట్స్‌మన్, సైకిల్ షాపు బాషా, వాడి చివర వాడూ ఇదే పని. చాపకి చెరో కొసన ఇద్దరూ గానుగెద్దుల్లా ముందుకీ వెనక్కీ తిరుగుతున్నారు. ఇంజనీర్లు బంతి పట్టుకుని నిలబడిపోయారు. వికెట్లకేసి కొడదామంటే జాలి, ఆగుదామంటే ఇదేం ఆటో తెలీదు. చివరికి వికెట్ కీపరు మెల్లగా నడిచొచ్చి, మర్యాదగా వికెట్లు పడగొట్టాడు.

"అవుట్," అన్నాడు అంపైరు.

కోటయ్యకి మండింది. "ఎట్టా అవుటు? నేను ఏడు తీశా! ఇక్కణ్ణించి ఇదిగో ఇక్కడికి ఒకటి!" అని నాలుగు అంగలు వేసి చూపించాడు.

శేషాద్రి గారు దగ్గరికొచ్చాడు. "తమ్ముడూ, పరుగంటే ఈ చివర నుంచి ఆ చివరకి కదా. మీ పిచ్ ఎంత పొడవు?"

"ఇరవై రెండడుగులు," అంది మా టీము, ఏక కంఠంతో.

"అడుగులా? గజాలు కదా?"

అప్పుడు మస్తానన్న లేచాడు. ఆయన పనితనాన్ని అనుమానించారని రోషం. జేబులోంచి టేపు తీసి, "రండి సార్, కొలుచుకోండి. అంగుళం తేడా ఉంటే మీసం తీసేస్తా!" అని స్టేజి దగ్గరికి లాక్కుపోయాడు. నేను పెట్టిన పేరు ప్రకారం అది స్టేజి కదా, ఆయన దాని మీదెక్కి వికెట్ల బెజ్జాలు చూపించాడు. శేషాద్రి గారు బెజ్జంలో వేలు పెట్టి చూశాడు. ఎంతసేపు చూశాడంటే, నేను గురజాల దాకా పరిగెత్తి ఉండొచ్చు.

"ఇది మీకు ఎవరు నేర్పారు?" అన్నాడు.

మా టీములో క్యాచులకి చేతులు లేవని మనుషులుండేవాళ్ళు. ఆ ప్రశ్నకి పది చేతులూ ఒక్కసారిగా లేచి నావైపు చూపించాయి.

"కాలేజీలో ఆడానన్నావు కదరా?" అన్నారు దేవదానం మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

"గోడ మీంచి చూశానండీ," అన్నాను. ఆ మాట అన్నాక కడుపులో మూడు నెలలుగా ఉన్న నాపరాయి ఒకటి జారినట్టయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "పాపం" అనాల్సింది ఇక్కడే, గమనించగలరు.

శేషాద్రి గారు పెదవులు బిగబట్టాడు, మీసం సర్దుకున్నాడు, తర్వాత ఇక ఆగలేక ఆ రాళ్ళ మీదే కూలబడి కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన నవ్వడం చూసి జీపు డ్రైవర్లు నవ్వారు, ఊరు నవ్వింది. నవ్వనిది నేనూ మాస్టారూ ఇద్దరమే.

ఆ చాప మీద మేం పదకొండు పరుగులకి అందరం అవుటయ్యాం. అందులో ఏడు వాళ్ళు దయతలచి వేసిన వైడ్లు. వాళ్ళకి మస్తానన్న బౌలింగు. ఇరవై రెండడుగులకి అలవాటైన చెయ్యి కదా, బంతి మూడో వంతు దూరంలో పడి, దొర్లి, అలిసిపోయి ఆగేది. బ్యాట్స్‌మనే ఎదురెళ్ళి కొట్టి వచ్చేవాడు. రెండు ఓవర్లలో ఆట ముగిసింది.

అంతటితో వాళ్ళు జీపులెక్కి పోవచ్చు. పోలేదు. శేషాద్రి గారు చొక్కా చేతులు మడిచి, "మా పిచ్ మీద మీరు ఆడారు. మీ పిచ్ మీద మేం ఆడకపోతే మర్యాద కాదు," అన్నాడు.

ఆహా, అప్పుడు చూడాలి మస్తానన్నని! రబ్బరు బంతి తీసుకుని నాపరాళ్ళ మీద దబ్బున వేశాడు. శేషాద్రి గారు ఇంకా బ్యాటు ఆనించి వీపు సరిచేసుకుంటున్నాడు. వెనక వికెట్లు లేవు. "వేశారా?" అన్నాడు పాపం. రెండోవాడు బంతిని చూడటం అయితే చూశాడు, అది పైకి లేచి వాడి టోపీ తీసుకుపోతున్నప్పుడు. డ్యామ్ కట్టే మొనగాళ్ళు ఎనిమిది పరుగులకి కుప్పకూలారు. కోటయ్య దిగి మొదటి బంతినే పోస్టాఫీసు పెంకుల మీదికి కొట్టి, అది దొర్లి కిందపడేలోపు తొమ్మిది తీసేశాడు. వాణ్ణి భుజాల మీద మోశారు. మోసినవాళ్ళలో ఇద్దరు ఇంజనీర్లు.

సాయంత్రం వెళ్ళేముందు శేషాద్రి గారు చాప మాకే వదిలేశాడు. "ఇంత దగ్గరి నుంచి ఆడిన కళ్ళు ఎక్కడా దొరకవు. నేర్పితే ఆడతారు. ప్రతి ఆదివారం వస్తాం," అన్నాడు మాస్టారుతో. వచ్చారు కూడా. రెండేళ్ళు తిరిగేసరికి గురజాల, నరసరావుపేట కుర్రాళ్ళు మాతో ఆడటానికి బస్సుల్లో వచ్చేవాళ్ళు.

నా సంగతా? ఆ మర్నాడు నేను తల వంచుకుని దేవదానం మాస్టారు గదికి పోయాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, "నీ పేరు రాస్తానన్నాగా. రాశాను," అన్నారు.

కాళ్ళకి దణ్ణం పెట్టబోతుంటే ఆయన కాగితం చూపించారు. ఆదివారం క్రికెట్ నేర్చుకునే పిల్లల జాబితా అది. ఆరో తరగతి. మొదటి పేరు నాది.

ఏడాది పాటు, నా మోకాలి దాకా వచ్చే పిల్లల వరసలో నిలబడి, మీసాలున్న ఒకే ఒక విద్యార్థిగా బ్యాటు పట్టుకోవడం నేర్చుకున్నాను. డ్రిల్ మాస్టారుగా సత్తెనపల్లి నించి వేరే ఆయన వచ్చాడు. ఆయన కూడా నన్ను "ఒరేయ్, మోచెయ్యి పైకి!" అనేవాడు.

ఆ వరసలో నిలబడే, ఎండలో, పిల్లల సాక్షిగా నేనొక ఒట్టు పెట్టుకున్నాను. నాకు తెలియని ఆటని ఈ జన్మలో ఇంకెవరికీ నేర్పను. ఒట్టంటే ఒట్టే, ఇప్పటిదాకా తప్పలేదు. తప్పకపోవడంలో నా గొప్పేమీ లేదులెండి. నాకు తెలియని ఆటలు చానా ఉన్నాయి గానీ, నేర్పమని మళ్ళీ అడిగినవాడు మాచర్లలో ఒక్కడూ లేడు.