పెట్రోలులో నీళ్లని నేను రాసిన వార్త

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో నేను మద్రాసు నుంచి వచ్చే ఒక తెలుగు దినపత్రికకు హిందూపురంలో విలేఖరిని. అప్పుడు పెట్రోలు కూపన్ల మీద ఇచ్చేవారు. హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయే బస్సు అప్పటికే ముసలిది. కూపన్లు చాలక దాని ట్యాంకు ఏనాడూ సగానికి మించి నిండేది కాదు.

ఒక మార్గశిరమాసం ఉదయం పెనుకొండ దాటిన కాసేపటికి నేనెక్కిన ఆ బస్సు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. డ్రైవరు నడివయసు మనిషి, మాట తక్కువ. బస్సు కిందికి దూరి, ట్యాంకు అడుగున ఉన్న నట్టు విప్పి డబ్బా పట్టాడు. ముందుగా వచ్చింది పెట్రోలు కాదు, నీళ్లు. వాటి వెంట ఎర్రటి తుప్పు పెచ్చులు, సన్నటి మట్టి. దిగి చుట్టూ మూగిన వాళ్లమంతా చూశాం.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన తొంగి చూసి, "ఏమబ్బా, ఇంటికాడ ఎనుములు గూడా ఉండాయా? పాలల్లో నీళ్లు పోసే చెయ్యి ఈడ గూడా ఊరకుండలేదే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ట్యాంకు సగం ఖాళీగా ఉంటే చలికి లోపల రేకుకు చెమట పడుతుందనీ, ఆ నీళ్లే అడుగుకు దిగి రేకును తినేస్తాయనీ డ్రైవరు చెప్పాడు. నేను పక్కనే ఉండి విన్నాను. జేబులో నోటుబుక్కు ఉంది, తీయలేదు. అతను గంటసేపు ఆ పని మీదే ఉన్నాడు. పెట్రోలు వచ్చే గొట్టాన్ని నోటితో ఊది, నోట్లో పడిన తుప్పు ఉమ్మేశాడు. డబ్బాను కదలకుండా పెట్టి, పైకి తేరిన పెట్రోలును మాత్రం తన తువ్వాలులో వడగట్టి మళ్లీ ట్యాంకులో పోశాడు. చుక్క కింద పడనీయలేదు. దొంగతనం చేసేవాడికి ఇంత జాగ్రత్త ఎందుకన్న ఆలోచన నాకు రాకపోలేదు. కాకపోతే అది వార్తకు పనికిరాదు.

మా పత్రికల భాషలో 'భోగట్టా' అని ఒక మాట ఉండేది. ఎవరో అనుకుంటుంటే విన్నాం అని దానర్థం. వాక్యం చివర అది తగిలిస్తే, కబురు తప్పయినా రాసినవాడికి చుట్టుకోదు. కొందరు బస్సు డ్రైవర్లు పెట్రోలు బయట అమ్ముకుని, ఆ లోటు నీళ్లతో పూడుస్తున్నట్లు భోగట్టా అని రాశాను. ధర్మవరం దారిలో ఒక బస్సు అందువల్లే ఆగిందని చేర్చాను. పేరు రాయలేదు కనుక న్యాయంగానే ఉన్నాననుకున్నాను. ఆ దారిలో తిరిగే బస్సు ఒక్కటే.

వార్త అచ్చయిన రెండో రోజు బస్సు యజమాని ఆ డ్రైవరును పనిలోంచి తీసేశాడు.

అతను మా ఇంటికి వచ్చాడు. గొడవ పడలేదు. గాజు సీసాలో కాసిన్ని నీళ్లు, కాస్త పెట్రోలు పోసుకొచ్చి, గట్టిగా ఊపి అరుగు మీద పెట్టాడు. ఇద్దరం చూస్తుండగానే నీళ్లు కిందికి దిగాయి, పెట్రోలు పైకి తేలింది.

"పాలల్లో అయితే కలిసిపోతాయి సామీ. దీంట్లో కలవవు. నీళ్లు పోస్తే బండి పది బారలు గూడా పోదు. దొంగతనం చేసేవాడు కిరసనాయిలు పోస్తాడు గానీ నీళ్లు పోస్తాడా?"

పాలవాడి మోసాన్ని తెచ్చి పెట్రోలుకు అంటగట్టాం, వ్యాపారి నవ్వులాటకు, నేను అచ్చులో.

ఇదే మాట పేపర్లో వేయమన్నాడు. వేస్తే యజమానికి చూపించి పని అడుగుతానన్నాడు. సరేనన్నాను. రాయడానికి కూర్చున్నాను కూడా. తన వార్త తప్పని తానే రాసుకున్న విలేఖరిని ఆఫీసు ఎన్నాళ్లు ఉంచుకుంటుందన్న భయం పట్టుకుంది. కాగితం మడిచేశాను.

అతనికి చదువు రాదు. రోజూ కాఫీ హోటలు దగ్గర ఎవరిచేతనో పేపరు చదివించుకుంటున్నాడని తెలిసి, నేను ఆ వీధిన పోవడం మానేశాను. కొన్నాళ్లకు కూలిపని దొరికి బత్తలపల్లి వెళ్లిపోయాడన్నారు. అక్కడికి మా పత్రిక పోయేది కాదు. నిజం చెప్పాలంటే, ఆ మాట విని ఊపిరి పీల్చుకున్నాను.

ఎండాకాలంలో ధర్మవరం స్టేషను దగ్గర ఎదురుపడ్డాడు. బత్తలపల్లి నుంచి వచ్చిన బండి మీది శెనక్కాయల మూటలు గోడౌనులోకి మోస్తున్నాడు. నన్ను చూసి మూట దించాడు.

"ఆ మాట పేపర్లో పడిందా సామీ?"

"పడింది" అన్నాను. ముందుగా అనుకున్నది కాదు, నోటికి అదే వచ్చింది.

సంతోషిస్తాడనుకున్నాను.

"అయితే ఓనరు చూసే ఉంటాడు. చూసి గూడా పిలిపించలేదంటే, ఇంక పిలవడులే."

హిందూపురం నుంచి వచ్చే ప్రతి బండినీ తనకేమైనా కబురుందా అని అడుగుతున్నానని చెప్పాడు. ఇకమీదట అడగనన్నాడు. మీ పని మీరు చేసినారు సామీ అంటూ చేతులెత్తి మొక్కి, మూట వీపుకెత్తుకున్నాడు.

బరువు మీద మెల్లగా నడుస్తున్నాడు. గోడౌను వాకిలి చేరేలోపు ఎప్పుడైనా వెనక్కి పిలిచి, నేను రాయలేదని చెప్పి ఉండవచ్చు. పిలవలేదు.