ఎర్రచుక్క ఆరిపోయిన రోజు

తొంభైలలో నేను బహ్రెయిన్‌లో వేట సామాన్ల దుకాణంలో పనిచేసేవాణ్ణి. గురి చూడటానికి తుపాకీకి బిగించే ఎర్రచుక్క సైటు కొనడానికి వచ్చిన ఒకాయనకు, చవకదే ఎక్కువకాలం పనిచేస్తుందని నిజం చెప్పాను. ఖరీదైనది అంటగట్టబోతున్న మా మేనేజరు, భీమవరం ఆయన, అందరిముందూ నన్ను చెంపమీద కొట్టాడు.

పగతో రగిలిపోయాను. నెల తర్వాత, ఏ రకం తెప్పించాలో కాల్చి చూసి తేల్చడానికి యజమాని మమ్మల్ని సఖీర్ ఎడారికి తీసుకెళ్లాడు. సైట్లు బిగించింది నేనే. మేనేజరు మెచ్చినదాని మరలు వదులు చేయాలనిపించింది. కానీ ఓడాక అతనికి సాకు దొరకకూడదని మరింత గట్టిగా బిగించాను.

పదో గుండుకే దాని చుక్క ఆరిపోయింది. చవకది చివరిదాకా వెలిగింది.

"ఖలాస్. ఇకనుంచి ఇతన్ని అడిగి తెప్పించు," అన్నాడు యజమాని మేనేజరుతో, నన్ను చూపిస్తూ.

మరునాడు మేనేజరు తల దించుకుని, "ఏది తెప్పిద్దామంటావు?" అన్నాడు.

"ఇనబడలే సార్, మల్ల అడుగుండ్రి," అన్నాను.

మళ్లీ అడిగాడు. అలా అడిగించినందుకు నాకిప్పటికీ పశ్చాత్తాపం లేదు.