బెన్హర్ మేస్త్రీకి వినపడని చప్పుడు

గజపతినగరంలో సాలూరు వైపు వెళ్లే రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అది బెన్హర్ మేస్త్రీ మెకానిక్ షాపు. పాత మోటారు సైకిళ్లున్న వాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి అక్కడికే వచ్చేవారు. ఎందుకంటే బెన్హర్ బండిని విప్పే ముందు వింటాడు. పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి నొక్కి పెట్టి, కళ్లు మూసుకుని కాసేపు కదలకుండా ఉండిపోతాడు. తర్వాత లేచి చేతులు తుడుచుకుంటూ, "వాల్వులు బాగానే ఉన్నాయి. టైమింగ్ చైను సాగిపోనాది" అంటాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది.

టైమింగ్ చైను అంటే వెనక చక్రాన్ని తిప్పే గొలుసు కాదు. ఇంజను లోపల, కింద తిరిగే క్రాంకుని, పైన వాల్వుల్ని తెరిచి మూసే కామ్‌షాఫ్టుని కలిపే సన్నటి గొలుసు. బయటికి కనపడదు. బండి ఏళ్ల తరబడి తిరిగేసరికి దాని కీళ్లు అరిగి, గొలుసు వదులవుతుంది. లోపలున్న టెన్షనర్ కొన్నాళ్లు దాన్ని లాగిపెట్టి ఉంచుతుంది. అదీ చేతులెత్తేశాక గొలుసు లోపలి గోడలకి కొట్టుకుంటూ సన్నగా గలగలమంటుంది. మనిషికి అది ఇచ్చే కబురు ఆ చప్పుడొక్కటే. అప్పుడు మార్చకపోతే ఏదో ఒక రోజు పళ్లు దాటి జారుతుంది, లేదా తెగుతుంది.

బెన్హర్‌కి మొదట పోయినవి ఆ సన్నటి చప్పుళ్లే. ఆదివారం చర్చిలో ఆడవాళ్లు పాట ఎత్తుకుంటే నోళ్లు కదలడం కనపడేది గాని పైస్వరం అందేది కాదు. ఇంట్లో కుక్కరు కూత పెడితే భార్య పరంజ్యోతి వంటింట్లోకి పరిగెత్తడం చూసి తెలుసుకునేవాడు. "పిలస్తంటే పలకవేటి?" అని ఆమె విసుక్కుంటే, "పొద్దస్తమానం ఇంజన్ల మద్దె ఉన్నోణ్ణి గదే, కాసేపు ఒగ్గేయి" అనేవాడు.

ఒకసారి విజయనగరం వెళ్లి చెవుల డాక్టరుకి చూపించుకున్నాడు. లోపలి నరం దెబ్బతిందని, ఏళ్ల తరబడి చప్పుళ్లలో ఉండడం వల్లేనని, పోయింది తిరిగి రాదని డాక్టరు కాగితం మీద గీతలు గీసి చూపించాడు. చెవికి మిషను పెట్టుకోమన్నాడు. బెన్హర్ తలూపి బయటికొచ్చేశాడు. ఇంటికొచ్చాక పరంజ్యోతితో, "గుబిలి ఉన్నాదట, తీసీసినారు" అని చెప్పాడు. చెవికి మిషను పెట్టుకున్న మేస్త్రీ దగ్గరికి బండి ఎవడు తెస్తాడు? ఆ ఒక్క ఆలోచనే అతన్ని తినేసింది. చిన్నప్పటి నుంచి నేర్చిందీ, బతికిందీ ఆ పని మీదే. అది పోతే తనెవరో తనకే తెలియదు.

హుద్‌హుద్ తుఫాను వెళ్లిన మరుసటి ఏడు, నారుమళ్లు పోసే రోజుల్లో ఎల్లాజీ బండి తెచ్చాడు. బొండపల్లి వైపు ఊళ్లో వంకాయలూ బెండకాయలూ పండిస్తాడు. వాటిని ఆ బండి మీదే విజయనగరం బజారుకి తోలతాడు. అందరూ మేస్త్రీ అంటే ఎల్లాజీ మాత్రం మావా అని పిలిచేవాడు.

"మావా, ఇంజనులో ఏటో గలగలమంటన్నాది. రేసు ఒగ్గేసినప్పుడు మరీ ఎక్కువ ఇనపడతన్నాది. సూడు" అన్నాడు.

ఆ రెండు మాటలే చాలు. రేసు వదిలినప్పుడు గలగలమంటే అది టైమింగ్ చైనేనని బెన్హర్‌ని నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. కానీ ఎల్లాజీ ఎదురుగా నిలబడి చూస్తున్నాడు. బెన్హర్ అలవాటు ప్రకారం స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. పిస్టను కొట్టుకునే మొద్దు చప్పుడు ఒక్కటే వచ్చింది. దాని మీద ఏమీ లేదు. ఇంకా గట్టిగా నొక్కాడు. చెవి నొప్పి పుట్టింది గాని సన్నటి చప్పుడేదీ రాలేదు. వినపడలేదు కాబట్టి అది లేదేమో అని ఒక ఆశ లోపల మెదిలింది. లేదని నమ్మాలనిపించింది.

"ట్యాపెట్లు లూజైనాయి" అన్నాడు. వాల్వుల్ని నొక్కే ఆ మీటల్ని టైటు చేసి ఇచ్చేశాడు.

"తగ్గిందేటి మావా? నాకింకా ఇనపడతన్నట్టే ఉన్నాది."

"రెండు రోజులు తిరిగితే సద్దుకుంటాది. ఎల్లు."

ఎల్లాజీ నమ్మి వెళ్లిపోయాడు. ఆ తర్వాత చాలా రోజులు బెన్హర్‌కి అన్నం సయించలేదు. రేపు కబురు పెట్టి బండి విప్పి చూద్దాం అనుకునేవాడు. తెల్లారితే ఇంకేదో పని ముందుకొచ్చేది, లేదా తనే తెచ్చుకునేవాడు.

ఒకనాటి పొద్దున్న, వంకాయ గంపలతో విజయనగరం పోతుండగా ఎల్లాజీ బండి ఇంజను ఒక్కసారిగా పట్టేసింది. వెనక చక్రం తిరగడం మానేసి రోడ్డు మీద జారింది. బండి ఎల్లాజీ కాలి మీద పడింది. వెనక కూర్చున్న అతని భార్య పద్మకుమారి ఎగిరి గట్టు మీద పడి, చేతి దెబ్బతో బతికిపోయింది. ఎల్లాజీ మోకాలి కింద ఎముక రెండుచోట్ల విరిగింది.

బండిని ఆటోలో వేసుకొచ్చి బెన్హర్ షెడ్డులోనే దించారు. అతను షాపు తలుపు దగ్గరకి వేసి, ఒక్కడే విప్పాడు. ఇంజను పక్కనుండే మాగ్నెట్ కవరు తియ్యగానే తెగిన గొలుసు ముక్కలు నూనెతో పాటు జారి చేతిలో పడ్డాయి. మిగిలిన గొలుసు కింది పళ్లచక్రం చుట్టూ చిక్కుపడి ఇంజనుని బిగించేసింది. వాల్వులు వంగి పిస్టను నెత్తిన గంట్లు పడ్డాయి. కానీ అతన్ని కూలదోసింది అవేవీ కాదు. గొలుసు నడిచే దారిలో అల్యూమినియం గోడ గోరు దిగేంత లోతుగా అరిగిపోయి ఉంది. అంత అరగాలంటే నెలలు పడుతుంది. తను చెవి ఆనించిన రోజున కూడా ఆ గొలుసు ఆ గోడని కొడుతూనే ఉంది.

దేవుడా అనుకోబోయాడు. ఏం అడగాలో తోచలేదు.

కొన్నాళ్లకి పద్మకుమారి షాపుకొచ్చింది. చేతికి కట్టు ఇంకా ఉంది. గుమ్మంలో వెలుగుకి అడ్డంగా నిలబడి ఏదో అంది. ముఖం సరిగ్గా కనపడక బెన్హర్‌కి అర్థం కాలేదు. లేచి దగ్గరికొచ్చాడు.

"ఆ సప్పుడు నాకు ఇనపడీది మావయ్యా" అంది ఆమె మళ్లీ. "ఎనక కూకుంటే కాలి కింద రేకు డబ్బాలో సెనగలు ఆడించినట్టుండీది. ఈయనకి సెప్పినాను. మావ సూసీసినాడు, నీకేటి తెలుసన్నాడు. నాకే ఇనపడింది, మీకెలగ ఇనపడనేదు?"

అబద్ధం నోటి చివర్న ఉంది. పాత బండి, లోపల ఏం జరుగుతుందో ఎవరు చెప్పగలరు అంటే ఆమె నమ్మేది. కానీ ఆ గోడ మీది గాడి అతని కళ్ల ముందే ఉంది.

"ఇనపడనేదమ్మా. నాకు శానాళ్లై ఇనపడతం నేదు" అన్నాడు.

"ఆ మాటే ఆ రోజు సెప్పుంటే ఇంకో షాపుకి ఎల్దుము గదా" అంది. గొంతు పెంచలేదు. అతని మొద్దుబారిన చెవులకి కూడా ఆ మాట పూర్తిగా అందింది.

ఆ సాయంత్రమే పరంజ్యోతికి అంతా చెప్పాడు. ఆమె ఏడ్చింది. డాక్టరు చెప్పింది దాచినందుకే ఎక్కువ ఏడ్చింది. మర్నాడు ఇద్దరూ ఎల్లాజీ ఇంటికి వెళ్లారు. మంచం మీద కాలు చాపుకుని ఉన్న ఎల్లాజీకి బెన్హర్ ఆ మాట తన నోటితోనే చెప్పాడు. ఎల్లాజీ గోడ వైపు తిరిగాడు.

"బండి బాగు సేసి పంపించు మేస్త్రీ. పంట బజారుకి ఎల్లాలి" అన్నాడు. అంతే. మావా అనలేదు.

బెన్హర్ ఆ ఇంజనుని తన చేతులతోనే నిలబెట్టాడు. వాల్వులు, పిస్టను, కొత్త చైను, దాని రెండు పళ్లచక్రాలు, టెన్షనరు, రబ్బరు పట్టీలు, అన్నీ మార్చాడు. మాగ్నెట్ మీది గుర్తునీ, పైన కామ్ చక్రం మీది గుర్తునీ వాటి గీతలకి కలిపి, చేత్తో ఇంజనుని తిప్పి మళ్లీ చూశాడు. కుదిరాయని తెలిసీ నమ్మకం కలగక మరోసారి తిప్పాడు. స్టార్టు చేశాక, చెవికి కొత్తగా పెట్టించుకున్న మిషనుతో వినబోయాడు. రేకుల మీద వడగళ్లు పడ్డట్టు చప్పుళ్లన్నీ ఒక్కసారే మీదపడ్డాయి. ఏది ఏదో విడదియ్యలేకపోయాడు. మిషను తీసి జేబులో వేసుకున్నాడు.

చివరికి రైలు గేటు దగ్గర షాపు పెట్టుకున్న గిరిబాబుని పిలిచాడు. ఒకప్పుడు పనిలో తనకి పోటీగా ఉన్నవాడు. గిరిబాబు వంగి విని, "బాగున్నాది, సప్పుడేటీ నేదు" అన్నాడు. బెన్హర్ అతని ముఖం వంక చూస్తూ ఉండిపోయాడు. అది నిజమో, జాలిపడి అన్న మాటో తేల్చుకునే దారి అతనికి లేదు.

ఆ ఏడాది చివరకి ఇంజను పని మానేశాడు. మానమని ఎవరూ అనలేదు. వచ్చినవాళ్లతో, "నాకు ఇనపడదు, విప్పి సూసి సెప్తాను" అంటే బళ్లు వెనక్కి తిప్పుకుపోయేవారు. ఇప్పుడదే షెడ్డులో పంక్చర్లు వేస్తున్నాడు. నీళ్లలో ముంచిన ట్యూబులోంచి బుడగలు వస్తే కంటికి కనపడతాయి.

ఎల్లాజీ కాలు వంకరగా అతుక్కుంది. బండి మాత్రం తిరుగుతూనే ఉంది. దాన్ని ఇప్పుడు పద్మకుమారి తమ్ముడు తోలుతున్నాడు. కూరగాయల గంపలతో అది రోడ్డు మీద పోతుంటే, బెన్హర్ చేతిలో పని ఆపి లేచి నిలబడతాడు. పొగ రంగు చూస్తాడు, చక్రాలు చూస్తాడు. బండి మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా అలాగే నిలబడి, మళ్లీ కూర్చుని టైరు విప్పుకుంటాడు.